పాత వాకిలి, కొత్త కాంక్రీటు: కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒక అతుకు చరిత్ర

7.1 పరిచయం

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో ఏదైనా ఒక పాత వీధిలో నిలబడి, ఇళ్ల గోడలను కాక ఇళ్ల ముందు నేలను చూడండి. గడప దగ్గర నాపరాళ్లు కనిపిస్తాయి. వాటిని ఆనుకొని నున్నగా అరిగిపోయిన గచ్చు ఉంటుంది. ఆ గచ్చు మీద తరవాతెప్పుడో పోసిన మరో పొర, దాని చివర రోడ్డుదాకా వాలుగా దించిన కాంక్రీటు ర్యాంపు ఉంటాయి. నాలుగింటికీ నాలుగు రంగులు. ఒకదానికొకటి తగిలే చోట గీత, ఆ గీతలో గడ్డి, వానాకాలంలో నాచు.

ఆ గీతనే ఈ పాఠంలో అతుకు అంటున్నాం. పాత పనికి కొత్త పనిని కలపడం మేస్త్రీ సమస్యగానే మనకు కనిపిస్తుంది. కాని ప్రతి అతుకుకూ ఒక కాలం ఉంది. ఆ కాలంలో ఏ సరుకు దొరికింది, ఎవరి చేతిలో డబ్బు ఉంది, ప్రభుత్వం ఏ పని చేసింది అనే విషయాలన్నీ ఆ గీత దగ్గర కలుస్తాయి. శాసనాలు లేని చోట చరిత్రకారుడు మట్టిపొరలను చదువుతాడు. మీ ఇంటి వాకిలిని కూడా అలాగే చదవవచ్చు. పైగా ఈ చదువు అక్కరకు వచ్చేది. వేలకు వేలు పోసి వేయించిన ర్యాంపు రెండు వానాకాలాలకే విడిపోవడం, వీధి నీళ్లు గడప దాటి ఇంట్లోకి రావడం ఈ ప్రాంతంలో చాలా కుటుంబాలకు తెలిసిన నష్టాలే.

7.2 అతుకు లేని వాకిలి

సిమెంటుకు ముందు సామాన్యుల ఇంటి వాకిలి మట్టిదే. పొద్దున్నే ఊడ్చి, పేడనీళ్లతో కళ్లాపి చల్లి, ముగ్గు వేసేవారు. ఇది శుభ్రతకు, శుభానికి సంబంధించిన ఆచారంగా మనకు తెలుసు. సాంకేతికంగా చూస్తే ఇది రోజువారీ మరమ్మతు కూడా. చల్లిన నీటికి పైన ఉన్న దుమ్ము అణుగుతుంది, పేడలోని పీచు మట్టిని పట్టి ఉంచుతుంది. వానకు గుంట పడితే పక్కనుంచి నాలుగు పారల మట్టి తెచ్చి, తడిపి, దిమ్మిసతో కొడితే సరిపోయేది. పాత మట్టి కూడా తడికి మెత్తబడుతుంది కనుక కొత్త మట్టి దానితో కలిసిపోతుంది. మట్టి వాకిలికి మరమ్మతు ఉంది కాని అతుకు లేదు. ఈ తేడాను గుర్తుంచుకోండి. తరవాత చెప్పే సమస్యలన్నీ, ఒకసారి గట్టిపడితే మళ్లీ మెత్తబడని పదార్థం వాకిట్లోకి వచ్చాక పుట్టినవే.

ఇక్కడ నేల గురించి కూడా ఒక మాట చెప్పాలి. తెనాలి చుట్టూ ఉన్నది నల్లరేగడి. నీరు తగిలితే ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. బాపట్ల వైపు, సూర్యలంక తీరానికి దగ్గరయ్యేకొద్దీ ఇసుక నేలలు వస్తాయి. రేపల్లె దిగువన, నిజాంపట్నం దిక్కున భూగర్భజలంలో ఉప్పు ఎక్కువ. పక్కపక్కనే ఉన్న ఊళ్లయినా ఒకే రకం వాకిలి మూడు చోట్లా ఒకేలా నిలవదు.

7.3 సున్నం, సుర్కీ, పల్నాటి రాయి

కలిగినవారి ఇళ్లకు, దేవాలయాలకు, కాలువ పనులకు సున్నం వాడేవారు. సున్నాన్ని ఇసుకతోనో, కాల్చిన ఇటుకను దంచిన సుర్కీతోనో కలిపి, ఎద్దు తిప్పే గానుగలో రాతి చక్రం కింద నలిపేవారు. అందుకే దానికి గానుగ సున్నం అని పేరు. తీరం వెంట ఆల్చిప్పలు, నత్తగుల్లలు కాల్చి గుల్ల సున్నం తీసేవారు. పైప్రాంతం నుంచి రాతి సున్నం వచ్చేది. పిడుగురాళ్ల సున్నానికి ఇప్పటికీ పేరుంది.

1852 - 1855 మధ్య విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టి పశ్చిమ డెల్టాకు కాలువలు తవ్వినప్పుడు లాకులు, తూములు, వంతెనలు రాయి, ఇటుక, సున్నంతోనే లేచాయి. సుర్కీ కలిపిన సున్నం తడిలో కూడా గట్టిపడుతుంది. రోమన్లు అగ్నిపర్వతపు బూడిదను సున్నంలో కలిపి సముద్రపు రేవులు కట్టిన సూత్రమూ ఇదే.

సున్నానికి రెండు గుణాలున్నాయి. ఒకటి, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి నిదానంగా గట్టిపడుతుంది. రెండు, గట్టిపడ్డాక కూడా కొంత మెతకగా ఉండి తేమను లోపలికీ బయటికీ పోనిస్తుంది. నేల కొంచెం కదిలితే సున్నపు పని కూడా కొంచెం సర్దుకుంటుంది. నల్లరేగడి మీద ఇది చిన్న సుగుణం కాదు.

ఇక రాయి. అరుగుల మీద, మెట్ల మీద పరిచిన నాపరాళ్లు చాలావరకు పల్నాటివి, లేదా కర్నూలు, కడప వైపు నుంచి వచ్చినవి. అమరావతి, భట్టిప్రోలు స్తూపాల చెక్కడపు పలకలను మనం అలవాటుగా పాలరాయి అంటాం. నిజానికి అవి కూడా పల్నాటి సున్నపురాయే. ఆ రాతి జాతినే కాల్చి సున్నం చేశారు, పలకలుగా చీల్చి అరుగుల మీద పరిచారు, పొడి చేసి కొలిమిలో వేసి సిమెంటు చేశారు. స్తూపపు పలక, గడప ముందు నాపరాయి, బస్తాలోని సిమెంటు ఒక్క తల్లి బిడ్డలే.

7.4 సిమెంటు రాక, పర్మిట్ల కాలం

ఇంగ్లండులో లీడ్సుకు చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీమేస్త్రీ పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో పేటెంటు పొందాడు. మన దేశంలో మద్రాసులో 1904లో ఒక ప్రయత్నం జరిగింది, అది నిలవలేదు. గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో 1914లో మొదలైన ఉత్పత్తితో భారతీయ సిమెంటు పరిశ్రమ స్థిరపడింది. మనకు దగ్గరలో మాచర్లలో కె.సి.పి. సిమెంటు కర్మాగారం 1958లో పని ప్రారంభించింది. 1952లో గండి పడిన పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957 చివరలో ప్రారంభమైంది. అటు నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. అంటే 1950ల చివరికి ఈ ప్రాంతపు మేస్త్రీలకు, కూలీలకు సిమెంటు పని చేతికి వచ్చే అవకాశాలు పెరిగాయి.

అయితే పనితనం ఉన్నంత మాత్రాన సరుకు దొరకలేదు. సిమెంటు ధర, పంపిణీ దశాబ్దాలపాటు ప్రభుత్వ నియంత్రణలో ఉన్నాయి. ఇల్లు కట్టుకునేవారు అర్జీ పెట్టి, పర్మిటు తెచ్చుకొని, మంజూరైనన్ని బస్తాలతోనే పని చూసుకోవలసి వచ్చేది. 1982 ఫిబ్రవరిలో పాక్షికంగా, 1989 మార్చి 1 నుంచి పూర్తిగా నియంత్రణ తొలగింది. లెవీ సిమెంటు అన్న మాట మీ ఇంట్లో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది.

ఈ కాలాన్ని మీరు ఇళ్ల మీద చదవగలరు. సిమెంటు చాలని రోజుల్లో దాన్ని ముందు శ్లాబుకు, స్తంభాలకు వాడారు. వాకిలి చివరిది. మిగిలిన అరబస్తాతో గడప ముందు ఒక గచ్చు, మరో నాలుగేళ్లకు ఇంకొంత, కూతురి పెళ్లి ముందు మరికొంత. గచ్చు అనే పాతమాట సున్నపు పనిని చెప్పేది. సిమెంటు వచ్చాక పదార్థం మారింది, మాట మాత్రం అలాగే ఉండిపోయింది. పాత ఇళ్ల వాకిళ్లలో అంతన్ని ముక్కలు కనిపించడానికి మేస్త్రీల నిర్లక్ష్యమే కారణమనుకోవడం తొందరపాటు. ఇంటివారి చేతికి సరుకు, సొమ్ము విడతలుగా వచ్చాయి. వాకిలీ విడతలుగానే వచ్చింది.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమనే కాక రేపల్లె, బాపట్ల తీర ప్రాంతాలనూ దెబ్బతీసింది. ఆ తరవాత తీరగ్రామాల్లో తుపాను రక్షిత భవనాలు, పక్కా ఇళ్లు వచ్చాయి. పునాది మట్టం ఎత్తుగా ఉండాలన్న పట్టింపు పెరిగింది. మట్టం పెరిగితే మెట్లు పెరుగుతాయి. ద్విచక్ర వాహనం, ఆ తరవాత కారు వచ్చాక మెట్ల పక్కన ర్యాంపు కావలసి వచ్చింది.

7.5 రోడ్డు పెరిగింది, ఇల్లు దిగింది

ఇప్పుడు కథలో అసలు మలుపు. ఇంటి ముందు వాకిలిని మార్చింది ఎక్కువసార్లు ఇంటి యజమాని కాదు, రోడ్డు.

మట్టి వీధి మీద గ్రావెల్, దాని మీద కంకర, దాని మీద తారు, దాని మీద సిమెంటు రోడ్డు. పాతదాన్ని తవ్వి తీయకుండా పైన మరో పొర వేసిన ప్రతిసారీ వీధి కొన్ని అంగుళాలు లేస్తుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూలికి 60, సామగ్రికి 40 అన్న నిష్పత్తి ఉండేది. ఆ సామగ్రి వాటా నిధులతో మన రాష్ట్రంలో గ్రామాల లోపలి వీధులకు సి.సి. రోడ్లు పెద్దఎత్తున పడ్డాయి. బురద పోయింది, బడికి వెళ్లే పిల్లల కాళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఈ మేలును తక్కువ చేయకూడదు. కాని మూడు మెట్లు ఎక్కి వెళ్లే ఇల్లు ఒక మెట్టు ఇల్లయింది. కొన్నిచోట్ల గడపే వీధి కంటే కిందికి పోయింది.

రోడ్డుకు, ఇంటికి మధ్య మురుగుకాలవ, దాని మీద దాటడానికి వేసిన పలక కూడా ఉంటాయి. రోడ్డు కాంట్రాక్టు రోడ్డు అంచుతో ముగుస్తుంది. అక్కడినుంచి గడపదాకా ఉన్న నాలుగైదు అడుగులు ఎవరి పద్దులోనూ ఉండవు. ఆ ఖర్చు ఇంటివారిది. తమ ర్యాంపును రోడ్డులోకి ముందుకు జరిపితే పక్కింటివారితో, పంచాయతీతో తగాదా. మురుగుకాలవ మీద పూర్తిగా పోసేస్తే కాలవ పూడిక తీయడం కుదరదు, వీధంతటి నీళ్లూ అక్కడే ఆగుతాయి. వర్షం మన ప్రాంతంలో నెమ్మదిగా వచ్చే అతిథి కాదు. 2023 డిసెంబరు 5న పత్రికలు మిగ్‌జాం అని రాసిన తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అటువంటి రోజున వాకిలి వాటం వీధి వైపు ఉందా, గడప వైపు ఉందా అన్నదే ఆ ఇంటి కథ తేలుస్తుంది.

7.6 అతుకు ఎందుకు విడిపోతుంది?

పాత కాంక్రీటు తన కుదింపును ఏనాడో పూర్తిచేసుకుంది. కొత్త కాంక్రీటు ఆరేకొద్దీ కుదించుకుపోతుంది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 లెక్కలకోసం ఈ కుదింపును 0.0003గా తీసుకోమంటుంది. అంటే 10 మీటర్ల పొడవుకు సుమారు 3 మిల్లీమీటర్లు. చూడటానికి ఏమంత కాదు. కాని పాతది కదలదు, కొత్తది లాగుతుంది. రెండింటి మధ్య పట్టు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ గీత తెరుచుకుంటుంది. ఆ గీతలో దిగిన నీరు కింద నల్లరేగడిని ఉబ్బిస్తుంది. వేసవిలో అదే మట్టి కుంగి, పలక కింద ఖాళీ ఏర్పడుతుంది. కారు చక్రం ఎక్కినప్పుడు ఆ ఖాళీ మీదే పలక విరుగుతుంది.

అందువల్ల తెలిసిన మేస్త్రీ మొదట అడిగేది రంగు గురించి కాదు, పాతది నిలకడగా ఉందా అని. సుత్తితో తట్టితే బోలుగా మోగే గచ్చుకు కొత్తది కలపడం వృథా. దాన్ని తీసేయాలి. నిలకడగా ఉన్నదాని అంచును కటింగ్ మిషనుతో నిటారుగా, తిన్నగా కోయాలి. చాలాచోట్ల జరిగేది దీనికి వ్యతిరేకం. పాత గచ్చు మీదికి కొత్త మాలు పల్చగా జార్చి, తాపీతో నునుపు చేసి, సున్నాకు తెచ్చేస్తారు. ఆ రోజు చూడముచ్చటగా ఉంటుంది. అప్పడంలాంటి ఆ అంచు మొదటి ఎండాకాలానికే లేచిపోతుంది.

కోసిన అంచును ఉలితో గాట్లు పెట్టి, దుమ్ము కడిగి, ముందురోజు నుంచి తడపాలి. పొడి కాంక్రీటు కొత్త మాలులోని నీటిని తాగేస్తుంది, అతుకు దగ్గర సిమెంటు గట్టిపడటానికి నీరు చాలదు. పోసే సమయానికి మాత్రం పైన నీరు నిలవకూడదు. లోపల తడి, పైన ఆరినట్టు ఉండాలి. అప్పుడు చిక్కని సిమెంటు పాలు రాసి, అవి ఆరకముందే కాంక్రీటు వేయాలి. పాలు రాసి భోజనానికి వెళ్లి వస్తే, ఆరిన ఆ పాలే రెండింటినీ విడదీసే పొర అవుతాయి.

అన్ని చోట్లా అతికించడం కూడా సరికాదు. ఇంటి పునాది లోతైనది, కదలదు. వాకిలి పలక నేలతోపాటు లేస్తుంది, దిగుతుంది. ఈ రెండింటినీ గట్టిగా కలిపేస్తే ఏదో ఒకటి చీలుతుంది. అందుకే గోడకు, వాకిలికి మధ్య సన్నని ఎడం వదిలి, సాగే గుణమున్న పదార్థంతో నింపుతారు. పొడవైన దారిలో 100 మిల్లీమీటర్ల మందపు పలకకు సుమారు రెండున్నర, మూడు మీటర్లకొక గీత ముందే కోస్తారు. పగులు ఎలాగూ వస్తుంది కనుక దానికి తిన్నని దారి చూపించడమన్నమాట.

కింద ఉన్నది సున్నపు పనో, మట్టితో కట్టిన ఇటుక అరుగో అయితే మరింత జాగ్రత్త కావాలి. దాని మీద గట్టి సిమెంటు పూత పూస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఉప్పు నేలల్లో ఆ తేమ ఉప్పును మోసుకొచ్చి పూత వెనక పేరుస్తుంది. ఇటుక పిండిలా రాలుతుంది, పూత పెంకులా ఊడుతుంది. అటువంటి అరుగుకు సున్నమే మందు. రేపల్లె వైపు బోరు నీటిని రుచి చూసి పనికి వాడటం కంటే పరీక్ష చేయించడం మేలు. కలిపే నీటిలో క్లోరైడు, ఇనుము లేని కాంక్రీటుకు లీటరుకు 2000 మిల్లీగ్రాములు, ఇనుము ఉన్నదానికి 500 మిల్లీగ్రాములు దాటకూడదని అదే ప్రమాణం చెబుతుంది. బాపట్ల తీరపు ఇసుక ఎంత చేరువైనా ఈ పనికి తేకూడదు.

తడపడం మాట చివరిది కాని చిన్నది కాదు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిపిన పి.పి.సి. సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలి. మడులు కట్టి నీళ్లు నిలిపినా సరే, గోనెపట్టాలు కప్పి తడిపినా సరే. వాకిలి కనుక దీన్ని పాటించడం కష్టం. ఇంటివారు మూడోరోజుకే నడవడం మొదలుపెడతారు.

7.7 కలిసిపోవాలా, కనిపించాలా?

ఇంటి యజమాని కోరిక ఒక్కటే: కొత్త పని పాతదానిలో కలిసిపోవాలి. అదే సిమెంటు, అదే ఇసుక, అదే కంకర వాడి, పాతదాన్ని కడిగి, అదే చీపురు గీతలు గీయిస్తే కొంతవరకు కలుస్తుంది. పూర్తిగా కలవడానికి ఎండావానా కొన్నేళ్లు పనిచేయాలి. దీనికంటే తెలివైన పని, రెండింటి మధ్య ఒక వరస నాపరాళ్లు పట్టీగా పరవడం. అప్పుడు రంగు తేడా లోపంలా కాక అంచులా కనిపిస్తుంది.

పురావస్తు పరిరక్షణలో ఈ కోరిక తలకిందులవుతుంది. 1964 నాటి వెనిస్ ఒడంబడిక ప్రకారం, పాత కట్టడంలో పోయిన భాగం స్థానంలో పెట్టేది మొత్తంతో పొందికగా ఉండాలి, కాని అసలుదానికి భిన్నమైనదని తెలిసేలా ఉండాలి. లేకపోతే సాక్ష్యం చెడిపోతుంది.

దీనికి మన దగ్గరి ఉదాహరణ రేపల్లె దారిలోని భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రీ ఇక్కడి స్తూపంలో తవ్వకాలు జరిపి, బ్రాహ్మీ శాసనాలున్న ధాతు కరండాలను వెలికితీశాడు. అవి దక్షిణ భారతదేశపు అతి పాత శాసనాల్లో చేరతాయి. కాని అప్పటికే, డెల్టాలో రోడ్లు, కాలువలు వేస్తున్న రోజుల్లో, ఆ స్తూపం ఇటుకలను రోడ్డు పనికి, రాతి పలకలను కాలువ పనులకు తరలించారు. రెండు వేల ఏళ్ల కట్టడం కొత్త దారికి సామగ్రి అయింది. ఆ ఇంజనీర్ల దృష్టిలో అది పాత ఇటుక దిబ్బ, చేతికందిన సరుకు. కొత్తదానిలో పాతది అంత బాగా కలిసిపోయింది కనుకనే, ఏ ఇటుక ఎక్కడ ఉందో ఇవాళ వెతకలేం.

7.8 క్షేత్ర పరిశీలన

మీ ఇంటి, లేదా మీ వీధిలోని ఒక పాత ఇంటి వాకిలిని ఎంచుకోండి. గడప నుంచి రోడ్డు అంచు వరకు ఉన్న అతుకులన్నింటినీ ఒక కాగితం మీద గీయండి. ప్రతి ముక్క పదార్థం, మందం, వాటం రాసి, అది ఎప్పుడు పడిందో ఇంటి పెద్దవారిని అడగండి. వారు సాధారణంగా సంవత్సరం చెప్పరు. ఉప్పెన తరవాత అనో, పెద్దమ్మాయి పెళ్లికి అనో, సిమెంటు పర్మిటు వచ్చినప్పుడు అనో చెబుతారు. ఆ మాటలను అలాగే రాసుకొని, పక్కన మీరు లెక్కగట్టిన సంవత్సరం వేయండి. తరవాత వీధి ఇప్పటి మట్టం నుంచి గడపకు ఎన్ని అంగుళాలుందో కొలిచి, పూర్వం ఎన్ని మెట్లు ఉండేవో అడిగి, రోడ్డు ఎంత లేచిందో తేల్చండి. కొలత వానాకాలానికి ముందే చేసుకుంటే ఇంటివారికీ పనికొస్తుంది.